రెండు రోజుల వర్క్‌షాప్‌తో ఎకో వచ్చేస్తుందా?

ప్రశ్న: ఎమర్జెన్సీ మెడిసిన్‌లో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. బెడ్‌సైడ్ ఎకో, అంటే పేషెంట్ మంచం దగ్గరే అల్ట్రాసౌండ్‌తో గుండెని చూడటం, నేర్చుకోవడానికి రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చాను. అక్కడ బాగానే వచ్చింది కానీ డ్యూటీలో గుండె కనబడటమే గగనమైపోతోంది. విడిగా ఫెలోషిప్ చేయాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. వర్క్‌షాప్‌లో మీరు స్కాన్ చేసింది సన్నగా ఉండి, చెప్పగానే ఎడమ పక్కకి తిరిగి పడుకునే ఆరోగ్యవంతుణ్ని. డ్యూటీలో వచ్చేవాళ్లు అలా ఉండరు కదా! ఊపిరితిత్తులు ఉబ్బి ఉన్న పేషెంట్‌లో పక్కటెముకల మధ్య నుంచి చూస్తే అంతా మసకే. అప్పుడు ప్రోబ్‌ని (ఒంటికి ఆనించి పట్టుకునే స్కానర్ భాగాన్ని) రొమ్ము ఎముక కొస కిందికి తెచ్చి, పొట్ట మీద దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని, ఎడమ భుజం వైపు చూపించండి. పేషెంట్ మోకాళ్లు మడిస్తే పొట్ట వదులవుతుంది, కాలేయం మీదుగా గుండె కనిపిస్తుంది. ఇది స్లైడ్లు చూస్తే వచ్చేది కాదు, చేతికి అలవాటు కావాలి.

ఎన్ని స్కాన్లు చేయాలంటారా? అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ ఫిజీషియన్స్ ఒక్కో రకం స్కాన్‌కి 25 నుంచి 50 దాకా చెబుతుంది. నన్నడిగితే అంకె కన్నా, ఎవరైనా చూసి మీ తప్పు ఎత్తి చూపడం ముఖ్యం. 50 మామూలు గుండెలు చూసినవాళ్లు కూడా గుండె ముందున్న కొవ్వు పొరని చూసి నీరు చేరిందని కంగారుపడొచ్చు. అందుకే ప్రతి క్లిప్ సేవ్ చేయండి, మీకేం కనబడిందో రాసుకోండి, తర్వాత కార్డియాలజీ వాళ్ల ఎకో రిపోర్టుతో పోల్చుకోండి.

మీరు తేల్చాల్సినవి కొన్నే. గుండె చుట్టూ నీరు ఉందా, ఎడమ జఠరిక పంపింగ్ ఎలా ఉంది, కుడి జఠరిక ఉబ్బిందా, అసలు గుండె కదులుతోందా. వాల్వు ఎంత లీకవుతోందో కొలవడం కార్డియాలజిస్టుకి వదిలేయండి. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌లో ఇంకో జాగ్రత్త ఉంది. పల్స్ చెక్‌కి ఉండేది 10 సెకన్లే. ఛాతీ నొక్కడం ఆపకముందే ప్రోబ్ పెట్టి ఉంచుకోండి, ఆ విరామంలో క్లిప్ తీసి, మళ్లీ నొక్కడం మొదలయ్యాకే చూడండి. తెర చూస్తూ ఉండిపోతే ఆ 10 సెకన్లు 20 అవుతాయి.

ఫెలోషిప్ అంటే ముందుముందు మీరే పదిమందికి నేర్పాలనుకుంటే ఆలోచించండి. ప్రస్తుతానికి మీ డిపార్ట్‌మెంట్‌లో క్లిప్పులు చూసి చెప్పేవాళ్లు లేకపోతే, ఎకో ల్యాబ్‌లో రెండు వారాల పోస్టింగ్ అడగండి. టెక్నీషియన్ పక్కన నిలబడి చేయి ఎలా తిప్పుతున్నారో గమనించండి. అన్నట్టు, వాడాక ప్రోబ్‌కి అంటిన జెల్ మీరే తుడవండి. తుడవని డాక్టర్‌కి రెండోసారి మెషీన్ అంత తొందరగా దొరకదు!