కండరాల లాటిన్ పేర్లు బట్టీ పట్టకుండా గుర్తుండాలంటే ఏం చేయాలి?

అనంతపురం నుంచి ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకరు అడిగారు: "పదో తరగతి దాకా తెలుగు మీడియం. అనాటమీలో కండరాల పేర్లు ఎన్నిసార్లు చదివినా నిలవడం లేదు. ఒకచోట లాంగస్, ఇంకోచోట లాంగా, మరోచోట లాంగమ్ కనిపిస్తున్నాయి. లాటిన్ నేర్చుకోవాలా?"

లాటిన్ భాష మొత్తం అక్కర్లేదమ్మా. ఒక చిన్న నోటుబుక్కులో పట్టేన్ని విశేషణాలు, రెండు వ్యాకరణ సూత్రాలు తెలిస్తే చాలు. నేను కడపలో బైపీసీ పిల్లలకు బోటనీ చెబుతాను. మా దగ్గర చదివి నర్సింగ్‌కో మెడిసిన్‌కో వెళ్లినవాళ్లు మొదటి ఇంటర్నల్స్ టెన్షన్‌లో ఫోన్ చేసి ఇదే అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతున్నాను: ఆ పేరు పెట్టినవాడు తను చూసిందే రాశాడు. కాబట్టి పేరును వర్ణనలాగా చదవండి.

ఒకటి విడదీసి చూద్దాం. ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ లాంగస్. కుడి ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి పెట్టి, గుప్పిట బిగించి మణికట్టు పైకెత్తండి. ఎడమచేతి వేళ్లతో మోచేతికి కాస్త కిందగా, బొటనవేలి వైపు తడమండి. బిగుసుకుంటున్న కండ తెలుస్తుంది. ఎక్స్‌టెన్సర్ అంటే చాపేది. కార్పి అంటే మణికట్టుకు సంబంధించినది. రేడియాలిస్ అంటే రేడియస్ ఎముక వైపుది, అంటే బొటనవేలి పక్కది. లాంగస్ అంటే పొడుగుది. పని, చోటు, పక్క, కొలత అన్నీ పేరులోనే దొరికాయి. పైగా పొడుగుది అని ప్రత్యేకంగా అన్నారంటే దగ్గర్లో పొట్టిది ఉండే ఉంటుంది. ఉంది, దాని పేరు చివర బ్రెవిస్ అని వస్తుంది. పిరుదుల్లో మాక్సిమస్ కనబడితే మీడియస్, మినిమస్ ఎక్కడున్నాయో వెతకండి. ఇలా జట్లుగా చదివితే ఒక పేరు ఇంకోదాన్ని లాక్కొస్తుంది.

ఇక మొదటి సూత్రం. ఇందులో తెలుగువాళ్లకు చాలా వెసులుబాటు ఉంది. మనం కన్ను రెప్ప అనం, కంటి రెప్ప అంటాం. నోరు నోటి అవుతుంది, వేలు వేలి అవుతుంది, వేళ్లు వేళ్ల అవుతుంది. లాటిన్ చేసేదీ ఇదే. ఆక్యులస్ కన్ను, ఆక్యులై కంటి. ఓస్ నోరు, ఓరిస్ నోటి. డిజిటస్ వేలు, డిజిటై వేలి, డిజిటోరమ్ వేళ్ల. ఇది పట్టుకుంటే ఆర్బిక్యులారిస్ ఆక్యులై కంటి చుట్టూ ఉండేదనీ, ఆర్బిక్యులారిస్ ఓరిస్ నోటి చుట్టూ ఉండేదనీ ఎవరూ చెప్పక్కర్లేదు. పరీక్షలో చాలామంది తడబడే జంట కూడా తేలిపోతుంది: ఎక్స్‌టెన్సర్ డిజిటోరమ్ బొటనవేలు కాక మిగతా వేళ్లను చాపుతుంది, ఎక్స్‌టెన్సర్ డిజిటై మినిమై ఒక్క చిటికెన వేలినే చాపుతుంది. మొదటిది బహువచనం, రెండోది ఏకవచనం. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఈ మార్పు కొత్తగా అనిపిస్తుంది కానీ మనం పుట్టినప్పటి నుంచీ ఇలాగే మాట్లాడుతున్నాం.

రెండో సూత్రమే మీ లాంగస్, లాంగా, లాంగమ్ గొడవ. తెలుగులో నల్ల కుక్క, నల్ల ఆవు, నల్ల రాయి అంటాం, 'నల్ల' మారదు. లాటిన్‌లో నామవాచకం పుంలింగమా, స్త్రీలింగమా, నపుంసకమా అన్నదాన్ని బట్టి విశేషణం తోక మారుతుంది. కండరాన్ని మస్కులస్ అంటారు, అది పుంలింగం. అందుకే తొడలో ఉండేది అడక్టర్ లాంగస్. మా కడప మార్కెట్‌కు బస్తాలకొద్దీ వచ్చే పసుపు కుర్కుమా లాంగా, ఎందుకంటే కుర్కుమా స్త్రీలింగం. పిప్పళ్లు పైపర్ లాంగమ్, పైపర్ నపుంసకం. మూడింటిలోనూ అర్థం పొడుగే. అలాగే నల్ల ఆవాలు బ్రాసికా నైగ్రా, మిరియాలు పైపర్ నైగ్రమ్. పుర్రె అడుగున వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం ఫొరామెన్ మాగ్నమ్ అయితే, తొడ కండరం అడక్టర్ మాగ్నస్. కండరం పేరు రాసేటప్పుడు లాంగమ్ అనో మాగ్నమ్ అనో వచ్చిందంటే స్పెల్లింగ్ తప్పిందని అక్కడికక్కడే తెలిసిపోతుంది. చెట్ల దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. లాటిన్‌లో చాలా చెట్ల పేర్లు చూడ్డానికి పుంలింగంలా ఉన్నా స్త్రీలింగమే, అందుకే రావిచెట్టు ఫైకస్ రిలీజియోసా అయింది.

ఈ విశేషణాలు నాకు బాగా నచ్చింది మన జిల్లాల పక్షులు, పురుగుల పేర్లలో చూశాకే. బట్టమేక పిట్ట కోసం 1988లో పాత కర్నూలు జిల్లాలో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పాటు చేశారు. దాని పేరు ఆర్డియోటిస్ నైగ్రిసెప్స్. నైగ్రి అంటే నల్ల, సెప్స్ అంటే తల ఉన్నది. దాని నెత్తి మీద నల్లటి టోపీలాంటి మచ్చ ఉంటుంది. ఇప్పుడు మీ జబ్బలోని బైసెప్స్ బ్రేకియై తీసుకోండి: రెండు తలలున్నది, చేతిది. ట్రైసెప్స్ మూడు తలలది, క్వాడ్రిసెప్స్ నాలుగు తలలది. బైసెప్స్ అని వట్టిగా రాస్తే పూర్తి పేరు కాదు, తొడ వెనక బైసెప్స్ ఫెమోరిస్ అని ఇంకోటి ఉంది. ఆ 'బై' మా జిల్లాలోనూ ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986లో కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. దాని పేరు రైనోప్టిలస్ బైటార్క్వాటస్, రెండు కంటెలు వేసుకున్నది అని. రొమ్ము మీద రెండు పట్టీలు స్పష్టంగా కనిపిస్తాయి.

మీ గుత్తి సాలీడు సంగతి ఇంకా బాగుంటుంది. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన దాన్ని 1899లో బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త పోకాక్ వర్ణించి పోసిలోథీరియా మెటాలికా అన్నాడు, లోహంలా మెరిసే నీలం కాబట్టి. జనం గుత్తి సాలీడు అనడం అలవాటు చేసుకున్నారు గానీ దాని అసలు చోటు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని అనుకుంటారు. మీ ఊరి వేరుశనగ కూడా చెప్పాలి: ఆరాకిస్ హైపోజియా. హైపోజియా గ్రీకు నుంచి వచ్చింది, భూమి లోపల అని అర్థం. పూత రాలాక ఊడలు నేలలోకి దిగి కాయ కట్టడం చేనులో చూసే ఉంటారు.

అన్ని పేర్లనూ గుడ్డిగా నమ్మకూడదు. చింతచెట్టును టామరిండస్ ఇండికా అన్నారు కానీ అది ఆఫ్రికా నుంచి వచ్చిన చెట్టు. కండరాల్లోనూ సార్టోరియస్, బక్సినేటర్ లాంటివి ఆకారాన్ని చెప్పవు. మొదటిది దర్జీవాడి పేరు మీద వచ్చింది, రెండోది బూర ఊదేవాడి పేరు మీద. ఇలాంటివి కొన్నే, విడిగా రాసుకుని చదవండి.

చివరగా అందరూ భయపడే పేరు: లివేటర్ లాబియై సుపీరియోరిస్ అలీక్వె నేసై. లివేటర్ పైకెత్తేది. లాబియై సుపీరియోరిస్ పై పెదవిది. అలీ రెక్కది, నేసై ముక్కుది. మధ్యలో అంటుకున్న 'క్వె' అంటే మన 'పెదవినీ, ముక్కునూ' అనేటప్పుడు చివర దీర్ఘం ఎలా వస్తుందో అలా వచ్చే సముచ్చయం. మొత్తం కలిపితే పై పెదవినీ ముక్కు రెక్కనూ పైకెత్తేది. ఏదైనా కుళ్లిన వాసన తగిలినట్టు అద్దం ముందు మొహం పెట్టి చూడండి, ముక్కు పక్కన ముడత పడేది దానివల్లే.