మందు మోసే రేణువు: మేనకోడలికి ఒక ఉత్తరం

హబ్సిగూడ, హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మందు రేణువు డిజైన్ బొమ్మ చూశాను. క్యాన్సర్ గడ్డను వెతుక్కుంటూ వెళ్లడానికి ఫోలిక్ యాసిడ్, అక్కడి ఆమ్లత్వానికి విచ్చుకునే పూత, అయస్కాంతంతో లాగడానికి ఐరన్ ఆక్సైడ్... అన్నీ ఒకే నానోరేణువులో పెట్టావు. ఒక్కటి ఉంచుకో, మిగతావి తీసెయ్యి. 1995లో అమెరికాలో అనుమతి పొందిన నానోమందు డాక్సిల్‌లో ఇవేవీ లేవు. పెగ్ అనే పాలిమర్ పూత ఉన్న కొవ్వు బుడగ, లోపల డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు, అంతే. గుండెకు జరిగే హాని తగ్గించింది, అదే రోగికి దక్కిన మేలు.

అన్నిటికంటే ముందు నీ రేణువును సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవంలో, వేసి చూడు. మేము ఆ పని చివర్లో చేశాం. నీళ్లలో కలిపిన సీసాను ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పెడితే లేత నీలం మెరుపుతో తేటగా ఉండేది. కాంతితో రేణువుల సైజు కొలిచే డీఎల్ఎస్ పరీక్షలో సైజు 110 నానోమీటర్లు. అందరం మురిసిపోయాం. అదే రేణువును సీరంలో కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచితే గంట తిరిగేసరికి విరిగిన పాలలా తరకలు కట్టి అడుక్కి దిగింది. అప్పటికే ఎలుకల మీద ప్రయోగాలు అయిపోయాయి. మందంతా వాటి ఊపిరితిత్తుల్లో, కాలేయంలో ఇరుక్కుంది. ఎనిమిది నెలలు పోయాయి, అది సరే. ఆ మూగజీవాలను అనవసరంగా చంపామన్న బాధ మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఫోలిక్ యాసిడే ఉంచుకుంటానంటే నాకు మరీ ఇష్టం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. చాలా అండాశయ క్యాన్సర్ కణాల మీద ఫోలేట్ రిసెప్టర్లు (ఫోలిక్ యాసిడ్‌ను పట్టుకునే ప్రొటీన్లు) ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఎంపిక మంచిదే. కానీ నువ్వు కణాలు పెంచే ఆర్‌పీఎంఐ అనే పోషక ద్రవంలో (మీడియంలో) లీటరుకు 1 మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్ ముందే ఉంటుంది. మన రక్తంలో ఉండేదానికంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. రిసెప్టర్లన్నీ దానితోనే నిండిపోతే నీ రేణువుకు చోటెక్కడిది? ఫోలేట్ లేని మీడియం తెప్పించుకో. ఆ తర్వాత అందులో కావాలనే విడి ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా కలిపి చూడు. రేణువులు కణాల్లోకి వెళ్లడం తగ్గిందా, నీ గురి నిజమే. తగ్గలేదా, అవి వేరే దారిలో వెళ్తున్నట్టు.

ఖాళీ రేణువు, అదే మోతాదులో విడి మందు, పోల్చి చూడటానికి ఈ రెండు కంట్రోళ్లు ప్రతి ప్రయోగంలోనూ ఉండాలి.

గడ్డకు చేరింది తక్కువని టెన్షన్ పడకు. 2016లో ఒక సమీక్ష అంతకుముందు పదేళ్ల పరిశోధనలను లెక్కేస్తే, ఎక్కించిన మోతాదులో గడ్డకు చేరినదాని మధ్యస్థ విలువ 0.7 శాతమే. నీకు ఎంత వస్తే అంతే రాయి. మిగతాది ఏ అవయవంలో ఉందో కూడా కొలిచి రాయి.

ఆదివారం నోట్‌బుక్ తీసుకుని ఇంటికి రా. సీరం పరీక్ష ఫొటోలు కూడా తే, మంచివే కాదు, తరకలు కట్టినవి కూడా.

మీ మావయ్య