ఫీనిక్స్ సంగతి సరే, మిల్డ్రెడ్ సంగతేంటి?

రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారన్‌హీట్ 451’ చివర్లో, కాలి బూడిదై మళ్లీ అందులోంచే లేచే ఫీనిక్స్ పక్షి కథ వస్తుంది కదా, ఆ నవలలో పునర్జన్మకు అదే ప్రధాన ప్రతీకా అని అడిగారు. ఒకప్పుడు నేనూ కళ్లు మూసుకుని అవుననేవాణ్ణి. అలా అనే క్లాసులో అందరి ముందూ బోల్తా పడ్డాను.

ఎం.ఏ. సెమినార్‌కి చార్టు గీసుకుని వెళ్లాను. నిప్పంటే వినాశనం, నది అంటే శుద్ధి, ఫీనిక్స్ అంటే పునర్జన్మ. బాణం గుర్తులు, రంగులు, హంగామా అంతా ఉంది. గైడులోంచి ఎత్తిందే, దాచడం దేనికి! ఇరవై నిమిషాలు ఊదరగొట్టాక, సెమిస్టరంతా నోరు విప్పని ఒకమ్మాయి వెనక బెంచీలోంచి లేచి, “మరి మిల్డ్రెడ్ కూడా చచ్చి బతికింది కదా, అది పునర్జన్మ కాదా?” అంది.

మిల్డ్రెడ్ అంటే కథానాయకుడు మోంటాగ్ భార్య. నా చార్టులో ఆమెకి గడే లేదు. నీళ్లు నమిలాను. మాస్టారు వాచీ చూసుకుని “టైమైంది, తర్వాతివాళ్లు రండి” అనబట్టి బతికిపోయాను.

ఆ రాత్రి మొదటి భాగం మళ్లీ చదివాను. పుస్తకాలు తగలబెట్టే ఫైర్‌మన్ మోంటాగ్ ఇంటికొస్తే నిద్రమాత్రల సీసా కాలికి తగులుతుంది. పొద్దున ముప్ఫై ఉన్నాయి, ఇప్పుడు ఖాళీ. భార్య మిల్డ్రెడ్ కొనప్రాణంతో ఉంటుంది. ఫోన్ చేస్తే వచ్చేది డాక్టర్లు కాదు, ఇద్దరు పనివాళ్లు. ఒక యంత్రం పాములా గొంతులోకి దిగి కడుపులోదంతా తోడేస్తుంది, ఇంకోటి ఒంట్లో రక్తం మార్చేస్తుంది. ఇలాంటి కేసులు రాత్రికి తొమ్మిదో పదో వస్తాయంటారు వాళ్లు, తీరిగ్గా. తెల్లారేసరికి మిల్డ్రెడ్ ఆకలేస్తోందంటూ లేస్తుంది. జరిగింది చెబితే, నేనెందుకలా చేస్తానంటుంది. కొత్త రక్తం ఎక్కింది, బతుకు మాత్రం నిన్నటిదే.

ఫీనిక్స్ వరస కూడా ఇంతే. కాలుతుంది, లేస్తుంది, మళ్లీ పోయి కాలుతుంది. తగలబెట్టే ఫైర్‌మన్ల గుండెల మీద బ్యాడ్జీ అదే, వాళ్ల కెప్టెన్ కారు పేరూ అదే. గైడులు ఈ సంగతి ఎందుకు ఎత్తవో నాకర్థం కాదు. చివర్లో, పుస్తకాలని కంఠస్థం చేసి కాపాడుతున్న గుంపు నాయకుడు గ్రేంజర్ ఆ కథ చెప్పేది పక్షిని పొగడ్డానికి కాదు. చేసిన తెలివితక్కువ పని మనిషికి గుర్తుంటుంది, పక్షికి ఉండదు, తేడా అదీ అంటాడు.

ఇక నది. కథలో నీళ్లు కనిపిస్తే చాలు, పునర్జన్మ అని రాసేస్తారు. ఫైర్‌మన్ల మీద తిరగబడి పారిపోతున్న మోంటాగ్ నదిలో దిగింది ముందు, తనని తరుముతున్న యంత్రపు వేటకుక్కకి వాసన దొరక్కుండా తప్పించుకోడానికి. బట్టలు మార్చుకున్నాడు, నిజమే. అయినా నాకు నది కన్నా ఒడ్డు దాటాక కనిపించే చలిమంటే పెద్దది. నిప్పు కాల్చడమే కాదు, వెచ్చగా కూడా ఉంచుతుందని అతనికి అప్పుడే తెలుస్తుంది.

బ్రాడ్‌బరీ ఈ కథ తొలి రూపాన్ని లైబ్రరీ నేలమాళిగలో, అరగంటకి పది సెంట్ల అద్దె టైప్‌రైటర్ మీద కొట్టాడు. నవల 1953లో వచ్చింది. అలా డబ్బులు లెక్కపెట్టుకుంటూ రాసినవాడు మిల్డ్రెడ్‌ని ఊరికే పెట్టడని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే, మనం మొదట ఎక్కడ కలిశాం అని మోంటాగ్ ఆమెని ముందే ఒకసారి అడుగుతాడు. ఆమెకీ గుర్తు రాదు, అతనికీ గుర్తు రాదు. చివర్లో నగరం మీద బాంబులు పడి మిల్డ్రెడ్ పోయాక, నేలని కరుచుకుని పడుకున్న మోంటాగ్‌కి గుర్తొస్తుంది: షికాగో. ఆ తర్వాతే, బైబిల్లో తను చదివిన ప్రసంగి గ్రంథం ముక్కలు తిరిగి నోటికొస్తాయి. పునర్జన్మ ఎక్కడుందో చూపించమంటే నేను ఆ ఊరి పేరు మీద వేలు పెడతాను.

ఆ సెమినార్‌కి నాకు మంచి మార్కులే పడ్డాయి. చార్టు బాగుందట.