‘ఎలియో’ను చిన్నపిల్లలకు చూపించవచ్చా?

ప్రశ్న: ‘ఎలియో’ యానిమేషన్ చిత్రం తల్లిదండ్రులను కోల్పోయిన బాలుడి కథ అని విన్నాను. ఎనిమిదేళ్ల మా అమ్మాయికి చూపించవచ్చా?

జవాబు: నిస్సంకోచంగా చూపించండి. కాకపోతే మొదటిసారి మీరూ పక్కన కూర్చోండి. పిక్సార్ సంస్థ 2025లో విడుదల చేసిన ఈ చిత్రంలో ఎలియో, వైమానిక దళంలో పనిచేసే మేనత్త ఓల్గా దగ్గర పెరుగుతూ, తాను ఆమెకు భారమయ్యానన్న బాధతో, గ్రహాంతరవాసులే వచ్చి తనను తీసుకుపోవాలని సముద్రతీరాన ఇసుకలో రాసి ఎదురుచూస్తాడు. ఆ ఒంటరితనాన్ని తేలిక చేయకుండా చూపడం నాకు ఎంతో నచ్చింది.

కోరుకున్నట్టే గ్రహాంతరవాసులు తీసుకుపోయాక, ఎలియోకు బదులుగా భూమిమీద మసలే నకిలీ బాలుడిని చూసి, యుద్ధప్రియుడైన గ్రహాంతరవాసి గ్రైగన్ గర్జనలు విని కొందరు పిల్లలు జంకవచ్చు. అయితే అదే గ్రైగన్, చలికి కొయ్యబారిపోతున్న కొడుకు గ్లోర్డన్‌ను పొదువుకోవడానికి తన కవచాన్ని వదిలి బయటకు వచ్చే ఘట్టం చిత్రానికే ప్రాణం. పాప భయపడితే ఆపేయకండి, అక్కడిదాకా చూడనివ్వండి.

చిత్రంలో వాయేజర్ ప్రస్తావన వస్తుంది. 1977లో బయలుదేరిన ఆ రెండు వ్యోమనౌకల్లో, ఎక్కడైనా గ్రహాంతరవాసులు ఉంటే వారి కోసమని ఉంచిన బంగారు పూత రికార్డులలో 55 భాషల పలకరింపులు ఉన్నాయి, వాటిలో మన తెలుగూ ఒకటి. నాసా వెబ్‌సైటులో ఆ పలకరింపును ముందే వినిపిస్తే, ఎలియో ఆకాశంవైపు అంత ఆశగా ఎందుకు చూస్తున్నాడో పాపకు సులువుగా అర్థమవుతుంది.