కొండదారిలో మోటార్‌సైకిల్ గుద్దింది, ‘రోడ్డు కాదు, కేసు లేదు’ అంటున్నారు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. ఆదివారాలు ఐదారుగురం కలిసి కొండల్లోని మట్టిదారుల మీద మౌంటెన్ బైకులు తొక్కుతాం. ఈమధ్య అదే దారిలోకి సైలెన్సర్లు మార్పించిన మోటార్‌సైకిళ్లతో కొందరు కుర్రాళ్లు వస్తున్నారు. పోయిన నెల నేను ఎత్తు ఎక్కుతుంటే, మలుపులో ఎదురుగా దిగుతున్న బండి గుద్దింది. కాలర్ బోన్ విరిగింది. బండికి నంబర్ ప్లేటు లేదు గానీ, కుర్రాడెవరో తెలుసు. ‘ఇది రోడ్డు కాదు, కేసు నిలవదు. అసలు అడవిలోకి మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?’ అంటున్నాడు. మావాళ్లు విసుగెత్తి, ఆ మలుపులో అడ్డంగా తీగ కడదామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ తీగ సంగతి తేల్చుకుందాం. వద్దు. మెడ ఎత్తున కట్టిన సన్నటి తీగ, దిగుతూ వచ్చేవాడికి కనపడదు. తగిలితే ఏమవుతుందో కట్టినవాడికి ముందే తెలుసు కాబట్టి, కోర్టు దాన్ని నిర్లక్ష్యం కింద జమకట్టదు. ప్రాణం పోతే హత్య కేసు దాకా వెళ్తుంది. బతికి బయటపడినా హత్యాయత్నం పెట్టొచ్చు. కట్టినవాడొక్కడే కాదు, వాట్సాప్ గ్రూపులో ‘సూపర్ ఐడియా’ అని మెసేజ్ పెట్టినవాడు కూడా కుట్రలోనో ప్రేరేపణలోనో ఇరుక్కుంటాడు. పైగా తెల్లవారుజామున ఆ దారిన వచ్చేది మోటార్‌సైకిలే అని ఏమిటి నమ్మకం? మేకలు తోలుకెళ్లే పిల్లాడు కావచ్చు. తీగ బదులు రాళ్లు పేర్చడం కూడా కుదరదు. అది పదిమంది నడిచే దారైతే, అడ్డం పెట్టినందుకు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 285 సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

ఇక మీ గాయం విషయం. కేసు అవుతుంది. ఆ కుర్రాడి మాటలో సగం నిజం ఉంది. అడ్డదిడ్డంగా బండి నడిపితే పెట్టే, అదే న్యాయ సంహితలోని 281 సెక్షన్‌కు అది ప్రజలు తిరిగే దారి అయి ఉండాలి. కానీ ఎదుటివాడి ప్రాణానికి ముప్పు తెచ్చేంత నిర్లక్ష్యంగా ప్రవర్తించి గాయపరిచారనే 125 సెక్షన్‌కు స్థలంతో పనిలేదు. ఎముక విరిగితే 116 సెక్షన్ ప్రకారం అది తీవ్ర గాయమే. దానికి మూడేళ్ల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెంటనే ఫిర్యాదు ఇవ్వండి. ఇన్నాళ్ల ఆలస్యం ఎందుకైందో, చికిత్సలో ఉన్నారనో మరొకటో, అందులోనే రాయండి. ఘటన మా పరిధిలోది కాదని స్టేషన్లో అంటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173 సెక్షన్ ప్రకారం జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్, కట్టమని అడగండి. ఎక్స్‌రే, డిశ్చార్జి సమ్మరీ, ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాసి ఉంటే దాని నకలు జాగ్రత్త చేసుకోండి.

‘అడవిలోకి ఎవరు రమ్మన్నారు’ అన్న ప్రశ్న మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆ దారి ఎవరి భూమిలో ఉందో మీరు రాయలేదు. మీ చుట్టుపక్కల కంబాలకొండ అభయారణ్యం ఉంది, సింహాచలం దేవస్థానం భూములున్నాయి, మధ్యలో ప్రైవేటు పట్టాలు, పోరంబోకులూ ఉన్నాయి. సర్వే నంబరు కనుక్కుని ఎఫ్‌ఎంబీ (రెవెన్యూ వాళ్ల భూమి కొలతల పుస్తకం) పటం చూడండి. అందులో డొంక అని ఉంటే అది అందరిదీ. మీకెంత హక్కుందో, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉన్న మోటార్‌సైకిల్‌కూ అంతే.

అదే అభయారణ్యం లోపలైతే ఇద్దరూ తప్పులోనే ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27, 28 సెక్షన్ల ప్రకారం, లోపలి పబ్లిక్ రహదారి మీదుగా సాగిపోయేవారి వంటి కొందరికి తప్ప, మిగతావారికి అనుమతి ఉండాల్సిందే. ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ‘మాది ఇంజన్ లేని సైకిలే కదా’ అంటే చెల్లదు. ఆ చట్టంలో ‘వాహనం’ నిర్వచనంలోకి ఎద్దు, గాడిద, గుర్రం కూడా వస్తాయి, సైకిల్ తప్పించుకుంటుందా! అయితే మీరు అనుమతి లేకుండా వెళ్లినంత మాత్రాన, మిమ్మల్ని గుద్దే హక్కు ఎవరికీ రాదు. అది వేరే కేసు, ఇది వేరే కేసు.

నష్టపరిహారం కోసం మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద విశాఖలోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలన్న గడువు చట్టంలో ఉంది, ఇప్పటికే ఒక నెల పోయింది. బండి ఓనర్‌నీ, నడిపినవాణ్నీ, ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీనీ చేర్చండి. ‘పబ్లిక్ ప్లేస్ కాదు’ అని కంపెనీ వాదించొచ్చు. కానీ జనం రానూపోనూ వీలున్న చోటు ప్రైవేటుదైనా పబ్లిక్ ప్లేసేనని బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ 1988లోనే చెప్పింది. ఇన్సూరెన్స్ లేకపోతే ఓనర్ జేబులోంచే రావాలి.

నంబర్ ప్లేటు లేదన్నారు. అది రిజిస్ట్రేషన్ ఉండీ ప్లేటు పీకేసిన మామూలు బండా, లేక రేసుల కోసమే చేసిన, రిజిస్ట్రేషన్ లేని డర్ట్ బైకా? రెండోదైతే ‘ఇది మోటారు వాహనమే కాదు’ అంటారు. రోడ్డు మీద వాడటానికి పనికొస్తుందా అన్నదే కొలమానమని సుప్రీంకోర్టు 1974లో చెప్పింది. కాబట్టి అతను ఇంటినుంచి దాన్ని రోడ్డు మీదే నడుపుకొచ్చాడా, ట్రాలీలో ఎక్కించుకొచ్చాడా అన్నది చిన్న విషయం కాదు. అతను వచ్చిన దారిలోని షాపుల సీసీ ఫుటేజీ చెరిగిపోకముందే భద్రపరచమని పోలీసులకు రాసివ్వండి.

మీ హెల్మెట్ కెమెరా వీడియో ఉంటే ఒరిజినల్ మెమరీ కార్డులో ఏదీ మార్చకండి, చెరపకండి. ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియం 63 సెక్షన్ అడిగే సర్టిఫికెట్‌తో కలిపి వీడియో ఇవ్వాలి. స్ట్రావా (సైకిల్ వేగం, దారి నమోదు చేసే యాప్) రికార్డు కూడా పనికొస్తుంది గానీ, అది రెండువైపులా కోస్తుంది. మీరు నెమ్మదిగా ఎక్కుతున్నారని చూపిస్తే లాభం మీకే, ఎందుకంటే ఇరుకు కొండదారిలో దిగే మోటారు వాహనం ఎక్కేదానికి దారివ్వాలన్నది డ్రైవింగ్ నిబంధన. మలుపులో మీరే అవతలి పక్కకు వెళ్లి ఉంటే మాత్రం, మీ తప్పు శాతం లెక్కగట్టి పరిహారం కోస్తారు. నిజమేదో మీ లాయరుకు ముందే చెప్పేయండి, ఎదుటి లాయరు నోట వినాల్సిన టెన్షన్ ఆయనకు పెట్టకండి.

ఆ దారిలోకి మోటార్‌సైకిళ్లు రాకుండా చేయడం మీ చేతుల్లో లేదు. మోటారు వాహనాల చట్టం 115 సెక్షన్ కింద, ప్రజల భద్రత కోసం ఫలానా దారిలో వాటిని నిషేధించే అధికారం ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చినవారికీ ఉంది. ఎఫ్‌ఎంబీ, ప్రమాదం కాగితాలు, ఊరివాళ్ల సంతకాలతో కలెక్టర్‌కు అర్జీ పెట్టండి. అందులో ‘మా సైకిళ్లకు కేటాయించండి’ అని మాత్రం రాయకండి. ఊరివాళ్లు సంతకం పెట్టరు, పెట్టకపోవడంలో తప్పూ లేదు. ఇక అది అభయారణ్యం లోపలిదని తేలితే ఈ అర్జీ జోలికే పోవద్దు. అటవీశాఖను అనుమతి అడగండి, ఇచ్చేదాకా వేరే దారి చూసుకోండి.