ఎలక్ట్రిక్ కారుకి (ఈవీ) బానెట్ కింద ఇంజిన్ లేదు కదా, అక్కడ సామాను పెట్టుకోవచ్చా?

అన్నిటిలో కుదరదండీ. ఇంజిన్ లేకపోయినా మోటారు, దానికి కరెంటు అందించే కంట్రోలర్, ఏసీ కంప్రెసర్ చాలా కార్లలో అక్కడే ఉంటాయి, నెక్సాన్ ఈవీ బానెట్ ఎత్తితే ఆ సంగతి మీకే తెలుస్తుంది. పంచ్ ఈవీలో 14 లీటర్ల డబ్బా ఇచ్చారు, ఛార్జింగ్ కేబుల్ పెట్టడానికి సరే, అంతకంటే ఆశ పడొద్దు. క్రెటా ఎలక్ట్రిక్‌లో 22. మోటారు వెనక చక్రాలకి ఉండే మహీంద్రా బీఈ 6 లాంటి వాటిలో ముందు చోటు మిగులుతుంది కాబట్టి బీఈ 6లో 45 లీటర్లు వస్తుంది, అరకు వెళ్ళేటప్పుడు చిన్న బ్యాగు పడుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో కొన్న చేపలు మాత్రం మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి పెట్టండి, నీళ్ళు కారితే ఆ వాసన ఓ పట్టాన పోదు.

సామాను పెట్టకపోయినా అప్పుడప్పుడు బానెట్ తెరవాల్సిందే. అద్దం కడిగే నీళ్ళు, కూలెంట్ అక్కడే చూసుకోవాలి, చాలా కార్లలో 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా అక్కడే. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్ళు ఉప్పుగాలికి గొళ్ళెం తుప్పు పట్టిందేమో కూడా చూడండి. నారింజ రంగు కేబుళ్ళ జోలికి మాత్రం అస్సలు వెళ్ళొద్దు, అవి హై వోల్టేజీవి.