గాలి నిలవని రబ్బరు పడవను బాగుచేసుకోవచ్చా?

ప్రశ్న: మాది గోదావరి పాయల నడుమ ఉన్న లంక గ్రామం. వరద రోజుల్లో అక్కరకు వస్తుందని మా యువజన సంఘం తరఫున, గాలి నింపి వాడే పాత రబ్బరు పడవనొకదాన్ని కొన్నాం. ఉదయం బిగువుగా గాలి కొడితే సాయంత్రానికి మెత్తబడిపోతోంది. సైకిలు షాపులో వేయించిన ప్యాచీ రెండు రోజులకే అంచులు లేచి ఊడిపోయింది. దీన్ని బాగుచేసుకునే మార్గం ఉందా, లేక వదులుకోవలసిందేనా?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: మార్గం ఉంది. అయితే జిగురు డబ్బా మూత తీయకముందే గాలి ఎక్కడి నుంచి పోతున్నదో, పడవ గుడ్డ ఏ రకానిదో తేల్చుకోవాలి. మీ ప్యాచీ నిలవకపోవడానికి పనివాని అశ్రద్ధ కారణం కాకపోవచ్చు. సైకిలు ట్యూబులకు వాడే సొల్యూషన్ ఈ పడవల గుడ్డను గట్టిగా పట్టుకోదు.

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. ఎండలో వేడెక్కిన పడవను నీటిలో దింపితే, రంధ్రమేదీ లేకపోయినా మెత్తబడుతుంది. ఇటువంటి పడవల ట్యూబుల్లో సాధారణంగా బయటి గాలి కంటే 0.25 బార్ (బార్ అంటే పీడనపు కొలత) ఎక్కువ పీడనం ఉంచుతారు. లోపలి గాలి 50 డిగ్రీల నుంచి 28 డిగ్రీలకు చల్లబడితే చాలు, అది దాదాపు 0.16 బార్‌కు పడిపోతుంది. కాబట్టి నీడలో ఉంచి, సాయంత్రం గాలి కొట్టి, మరునాడు అదే వేళకు చూసి పోల్చండి. అప్పటికీ మెత్తబడితే గాలి పోతున్నట్లే.

ఇక వెతకడం. సబ్బు నీటిని చిక్కగా కలిపి, పెయింటు బ్రష్షుతో మొదట వాల్వులకు పూయండి. వాల్వులో రబ్బరు బిళ్ల కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా గాలి నిలవదు, దానిని శుభ్రం చేస్తే అతుకు అవసరమే రాదు. తరువాత కుట్టువంటి అతుకుల వెంబడి, మోటారు బిగించే చెక్క పలక అంటుకున్న చోట, ఒడ్డున ఈడ్చినప్పుడు రాసుకునే అడుగు భాగంలో చూడండి. పెద్ద రంధ్రం బుడగలతో తానే బయటపడుతుంది గాని, సన్నని రంధ్రం దగ్గర బుడగ లేవదు. అరనిమిషం ఓపిక పడితే అక్కడ ఆవగింజంత తెల్లని నురుగు ముద్ద పేరుకుంటుంది. దాని చుట్టూ వెంటనే గుర్తు పెట్టుకోండి, సబ్బు ఆరిన తరువాత ఆ చోటు మళ్లీ దొరకదు. పడవలోని గాలి గదులను ఒక్కొక్కటిగా నింపి, పక్క గదిని ఖాళీగా ఉంచి చూడటం కూడా మరువకండి. ఖాళీ గది మెల్లగా ఉబ్బితే మధ్యనున్న తెర దెబ్బతిన్నదన్నమాట.

గుడ్డలు ప్రధానంగా రెండు రకాలు: పాలిస్టర్ నేతకు పీవీసీ అనే ప్లాస్టిక్ పూత వేసినది, హైపలాన్ అనే కృత్రిమ రబ్బరు పూత వేసినది. డ్యుపాంట్ సంస్థ హైపలాన్ తయారీని 2010లో ఆపివేసినా, అదే రకం రబ్బరును ఇతరులు తయారుచేస్తున్నారు. కంటికి కనబడని మూల అసిటోన్ అనే ద్రావకంలో తడిపిన గుడ్డతో రుద్దండి: పీవీసీ అయితే జిగటగా మారుతుంది, హైపలాన్ మారదు. పీవీసీకి పాలీయురేథేన్ జిగురు, హైపలాన్‌కు నియోప్రీన్ జిగురు కావాలి. రెండూ గట్టిపరచే ద్రవాన్ని కలిపి వాడే రకాలనే కొనండి. ఒంటి డబ్బా జిగురు ఎండకు మెత్తబడుతుంది.

అతుకు గుడ్డ పడవ గుడ్డ రకానిదే కావాలి. రంధ్రానికి అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్లు దాటేలా, మూలలు గుండ్రంగా కత్తిరించండి; కోసుగా ఉన్న మూల మొదట లేస్తుంది. గాలి తీసేసి, పాత జిగురును పూర్తిగా గోకి, హైపలాన్ అయితే ఉప్పు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, పీవీసీ అయితే అసిటోన్‌తో తుడిచి, రెండు ముఖాలకూ పలుచగా జిగురు పూయండి. పదిహేను నిమిషాలు ఆరనిచ్చి మరో పూత వేసి, వేలికి అంటీ అంటనట్లు ఉన్నప్పుడు అతికించి, నడిమి నుంచి అంచులకు గట్టిగా నొక్కుతూ గాలి బుడగలను బయటకు తోలండి. ఒక రోజు పూర్తయ్యేదాకా గాలి కొట్టవద్దు; మూడు రోజులు ఆగితే ఇంకా మంచిది. ఈ ద్రవాల ఆవిరి పీల్చరాదు, నిప్పు దగ్గర ఉండరాదు. బయలు ప్రదేశంలో, చేతి తొడుగులతో పనిచేయండి.

మీ ప్రాంతానికి ఒక మాట గట్టిగా చెప్పాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ఈ పని చేయవద్దు. జిగురులోని ద్రావకం ఆవిరవుతూ గుడ్డను చల్లబరుస్తుంది, దానిమీద కంటికి కనబడని తేమ పొర కూర్చుంటుంది, అతుకు నిలవదు. కాబట్టి వరద వచ్చాక కాక, సంక్రాంతి దాటిన పొడి రోజుల్లో, మంచు విడిచిన తరువాత నీడలో చేసుకోండి.

సబ్బు నీరు పూసినప్పుడు ఒక చోటని కాక గుడ్డంతటా సన్నని నురుగు పుడితే, పూత అరిగి నేత గాలిని వదులుతున్నదని అర్థం. వాల్వు గుండా పోసి, ట్యూబును తిప్పుతూ లోపలంతా పరచుకునేలా చేసే ద్రవాలు దొరుకుతాయి. అవి కొంతకాలం ఆయువు పోస్తాయి గాని చచ్చిన గుడ్డను బతికించవు. అటువంటి పడవనూ, మధ్య తెర పోయిన పడవనూ, చాలా చోట్ల అతుకులు విడిపోతున్న పడవనూ లైఫ్ జాకెట్లు వేసుకుని చెరువులో ఈత నేర్పడానికి వాడుకోవచ్చు. వరద గోదావరిలో మనుషులను ఎక్కించడానికి మాత్రం వద్దు. ఒక గది పగిలినా పక్క గది తేల్చుతుందన్న భరోసాతోనే ఈ పడవలను నమ్ముతాం, ఆ తెర లేనప్పుడు ఆ భరోసా లేదు.

మీది ఒకటి రెండు రంధ్రాల వ్యవహారమే అయితే నిశ్చింతగా బాగుచేసుకోండి. తరువాత మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మడతల్లో టాల్కమ్ పౌడరు చల్లి, ఎలుకలు చేరని చోట వేలాడదీసి ఉంచండి. టైర్లకు పూసే సిలికాన్ పాలిష్‌ను మాత్రం దాని దరికి రానీయకండి. అది పట్టిన చోట మళ్లీ ఏ అతుకూ అంటదు.